కనీస వేతనం పెంచితే ఎవరికి ఎంత: గుంటూరు నుంచి ఒక లెక్క

(గుంటూరు బ్రాడీపేటలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పని దినమైనా ఇంతమంది వచ్చి కూర్చున్న మిత్రులందరికీ నమస్కారం.

కనీస వేతనం పెంచాలనగానే రెండు మాటలు వెంటనే వినపడతాయి. పెంచితే ఉన్న పనులు పోతాయని ఒకరంటారు, పెంచకపోతే ఇల్లు గడవదని మరొకరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఈ తగువు నూరేళ్లు దాటినా తెగలేదు. నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఒక్కటే. పెంపు వల్ల మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్నది ఎన్నేళ్లకోసారి పెంచుతున్నాం, ఒక్కసారికి ఎంత పెంచుతున్నాం, పెంచినది నిజంగా ఎవరి చేతికి అందుతోంది అన్న మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. మనం మాత్రం అంకె దగ్గరే ఆగిపోయి కొట్లాడుకుంటున్నాం.

ముందు చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. 1894లో న్యూజిలాండ్, 1896లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఈ దారిలో మొదటి చట్టాలు చేశాయి. బ్రిటన్ 1909లో చేసిన చట్టం మొదట నాలుగు పనులకే వర్తించింది: దుస్తులు కుట్టడం, అట్టపెట్టెలు చేయడం, లేసు పని, ఇనుప గొలుసుల తయారీ. ఈ పనుల్లో ఎక్కువగా ఉన్నది ఆడవాళ్లు. చాలామంది ఇంటి దగ్గరే, చేసిన సరుకు లెక్కన కూలి తీసుకుంటూ పనిచేసేవాళ్లు. సంఘం పెట్టుకుని బేరమాడే బలం లేనివాళ్లకోసమే ఈ చట్టం పుట్టిందన్న సంగతి గుర్తుంచుకోండి. మిర్చి తొడిమలు తీసే మన ఊరి ఆడవాళ్ల సంగతికి వచ్చినప్పుడు ఇది అవసరమవుతుంది. అమెరికా 1938లో గంటకు 25 సెంట్లతో మొదలుపెట్టింది. మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, కనీస వేతనాల చట్టం వచ్చింది.

ఆ చట్టానికి పుట్టుకతో వచ్చిన లోపం షెడ్యూలు. ప్రభుత్వం జాబితాలో చేర్చిన పనికి మాత్రమే కనీస వేతనం ఉండేది, చేర్చని పనికి ఉండేది కాదు. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోయేసరికి దేశం మొత్తం మీద నైపుణ్యం లేని పనులకే 1,915 రకాల రేట్లు తయారయ్యాయని 2018-19 ఆర్థిక సర్వే లెక్క తేల్చింది. ప్రతి ముగ్గురు కూలీల్లో ఒకరికి ఈ చట్టం రక్షణ లేదని కూడా ఆ సర్వేనే ఒప్పుకుంది. ఇన్ని రేట్లు గుర్తుపెట్టుకుని తనిఖీ చేయడం అధికారికే చేతకానప్పుడు, తనకు రావలసింది ఎంతో కూలికి ఎలా తెలుస్తుంది? 2019లో చేసిన వేతనాల కోడ్ ఈ షెడ్యూలు పద్ధతిని తీసేసి, ఉద్యోగులందరికీ కనీస వేతనం వర్తిస్తుందని చెప్పింది. అది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కేంద్రం ఒక అడుగు మట్టం నిర్ణయిస్తుంది, ఏ రాష్ట్రమూ దానికి దిగువన రేటు పెట్టడానికి వీల్లేదు. ఆ కోడ్‌లోని మిగతా విషయాల మీద కార్మిక సంఘాలకు ఉన్న అభ్యంతరాలు నాకు తెలుసు, వాటిలో కొన్నింటితో నేనూ ఏకీభవిస్తాను. అయినా అందరికీ వర్తింపు అన్న ఒక్క విషయంలో అది పాత చట్టం కంటే మెరుగని చెప్పక తప్పదు.

ఇక అంకె సంగతి. ఎంత ఉండాలన్నదానికి మన దేశంలో కొలబద్ద లేకపోలేదు. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ ఒక లెక్క చెప్పింది. సంపాదించే మనిషి మీద ఆధారపడిన కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా, అంటే ముగ్గురు పెద్దల ఖర్చుకు సమానంగా, తీసుకోవాలి. మనిషికి రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె వేరుగా, వంటచెరకు, దీపం వంటి వాటికి మొత్తంలో 20 శాతం. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు దీనికి పిల్లల చదువు, వైద్యం, పెళ్లిళ్లు, వృద్ధాప్యం కోసం మరో 25 శాతం కలపాలని చెప్పింది. ఇది విలాసాల జాబితా కాదని మీకు వేరే చెప్పనక్కరలేదు. మరి ఆచరణలో ఏం జరిగింది? 2017లో కేంద్రం ప్రకటించిన జాతీయ అడుగు మట్టం రోజుకు 176 రూపాయలు, దానికి చట్టబద్ధత కూడా లేదు. ప్రభుత్వమే వేసిన నిపుణుల సంఘం 2019లో, 2,400 కేలరీలకు తగ్గించి లెక్కవేసినా, 2018 నాటి ధరల్లో రోజుకు 375 రూపాయలు ఉండాలని తేల్చింది. ప్రభుత్వం చెప్పిన అంకెకూ, ప్రభుత్వం నియమించిన సంఘం చెప్పిన అంకెకూ మధ్య రెట్టింపుకు మించిన తేడా ఉంది. ఇంకోవైపు, కేంద్ర పరిధిలోని నిర్మాణం, ఊడ్చి శుభ్రం చేయడం వంటి పనులకు పెద్ద నగరాల్లో 2024 అక్టోబరు నుంచి నైపుణ్యం లేని కార్మికుడికి రోజుకు 783 రూపాయలు నిర్ణయించారు. అంటే 176 నుంచి 783 దాకా అన్నీ ఈ దేశంలో కనీస వేతనాలే.

కోర్టులు ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేదు. బతకడానికి చాలినంత కూలి కూడా ఇవ్వలేని పరిశ్రమకు నడిచే హక్కే లేదని 1957లో క్రౌన్ అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు అంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులోనూ, 1983లో రాజస్థాన్ కరువు పనుల కేసులోనూ చెప్పింది. న్యాయం వైపు నుంచి చూస్తే తగువు అక్కడికి తీరిపోయినట్టే. అయితే కోర్టు తీర్పు వల్ల కొలువు పుట్టదు కాబట్టి, ఆర్థికశాస్త్రం అడిగే ప్రశ్నను పక్కన పెట్టలేం.

ఆర్థికశాస్త్రం అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది. ఏ సరుకైనా ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు కదా, శ్రమ ధర పెరిగితే మాత్రం ఎందుకు తగ్గరు? 1946లో ఆర్థికవేత్త జార్జి స్టిగ్లర్ రాసిన వ్యాసం మొదలు దాదాపు యాభై ఏళ్లు పాఠ్యపుస్తకాలన్నీ ఈ మాటే చెప్పాయి. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు 4.25 డాలర్లున్న కనీస వేతనాన్ని 5.05కు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, ఆలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ సరిహద్దుకు రెండు వైపులా ఉన్న 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో పెంపుకు ముందూ తరువాతా ఎంతమంది పనిచేస్తున్నారో అడిగి రాసుకున్నారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన జాడ వాళ్లకు కనిపించలేదు. 1994లో ఈ ఫలితం వెలువడగానే పెద్ద దుమారం రేగింది. న్యూమార్క్, వాషర్ అనే ఇద్దరు జీతాల రిజిస్టర్లు తెప్పించి చూసి, ఉద్యోగాలు తగ్గాయని వాదించారు. కార్డ్, క్రూగర్ మళ్లీ జవాబిచ్చారు. 2021లో కార్డ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. క్రూగర్ అప్పటికే కన్నుమూశారు.

ఆ తరువాత వచ్చిన పరిశోధనలన్నీ ఏకరువు పెట్టను. 1979 నుంచి 2016 దాకా అమెరికా రాష్ట్రాల్లో జరిగిన 138 పెంపులను కలిపి చూసిన 2019 నాటి పరిశోధన ఒకటి చెబుతాను. పాత రేటు కింద పనిచేసే ఉద్యోగాలు ఎన్ని మాయమయ్యాయో, కొత్త రేటు మీదా, దానికి కాస్త పైనా దాదాపు అన్ని ఉద్యోగాలూ ప్రత్యక్షమయ్యాయని అందులో తేలింది. మరోవైపు అమెరికా పార్లమెంటుకు లెక్కలు చెప్పే బడ్జెట్ కార్యాలయం 2021లో, కనీస వేతనాన్ని 2025 నాటికి 15 డాలర్లు చేస్తే 14 లక్షల ఉద్యోగాలు పోతాయనీ, 9 లక్షల మంది పేదరికం నుంచి బయటపడతారనీ ఒకే నివేదికలో అంచనా వేసింది. మొదటి వాక్యం పట్టుకుని ఒక పక్షం, రెండో వాక్యం పట్టుకుని ఇంకో పక్షం పత్రికలకెక్కాయి. మన దగ్గర కూడా ఇలాగే జరుగుతుంది కాబట్టి ఈ ముచ్చట చెప్పాను.

శ్రమ ధర పెరిగినా కొనుగోలు తగ్గకపోవడం ఎలా సాధ్యం? కొనేవాడు ఒక్కడో ఇద్దరో ఉన్న చోట, ధర మొదటినుంచీ ఉండవలసిన దానికంటే కిందనే ఉంటుంది. 1933లోనే ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ దీన్ని సూత్రీకరించింది. అలాంటి చోట కూలి కొంత పెంచితే యజమాని లాభం తగ్గుతుందే తప్ప పని తగ్గదు, కొన్నిసార్లు పనికి వచ్చేవాళ్లు పెరుగుతారు కూడా. మన దగ్గర కొనేవాళ్లు లక్షలమంది రైతులు, వేలమంది వ్యాపారులు ఉన్నారు కదా, ఇది మనకెలా వర్తిస్తుందని ఎవరైనా అడగవచ్చు. పొద్దున్నే పల్లెల నుంచి గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు, మిర్చి కల్లాలకు బయలుదేరే ఆటోలను గమనించండి. ఆటో మాట్లాడేది మేస్త్రి. ఎవరిని ఎక్కించుకోవాలో, ఎక్కడికి పంపాలో నిర్ణయించేదీ మేస్త్రే. వానాకాలం చేతిలో పనిలేనప్పుడు అడ్వాన్సు ఇచ్చేదీ ఆయనే. ఆ ఆటో ఎక్కకపోతే మరో పని దగ్గరికి వెళ్లడానికి ఆ మనిషికి దారి ఖర్చు లేదు, ఇంట్లో చంటిపిల్లను వదిలి అంత దూరం పోయే వీలూ లేదు. యజమానులు వెయ్యిమంది ఉన్నా ఆమెకు కనిపించే యజమాని ఒక్కడే.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదనడానికి మన రాష్ట్రంలోనే జరిగిన పరిశోధన ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బు పక్కదారి పట్టకుండా వేలిముద్రల స్మార్ట్ కార్డులు ప్రవేశపెట్టినప్పుడు, ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తరువాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. 157 మండలాల్లో కార్తీక్ మురళీధరన్, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని పరిశీలించారు. పేద కుటుంబాల ఆదాయం పెరిగింది. ఆ పెరుగుదలలో చాలా భాగం వచ్చింది ఉపాధి హామీ పని నుంచి కాదు, బయటి పనుల నుంచి. గట్టిగా కూలి ఇచ్చే ఇంకో పని చేతికి అందేసరికి బయటి కూలి రేట్లు పెరిగాయి, అయినా బయట పనులు తగ్గలేదు. ఉపాధి హామీ వల్ల వ్యవసాయం దెబ్బతింటుందని మన కృష్ణా, గుంటూరు రైతు మిత్రులు పదిహేనేళ్లుగా చెబుతున్న మాటకు ఇది పూర్తి జవాబని నేననను. మా వరి కోతలకు మనుషులు దొరకలేదన్న వాళ్ల బాధ నిజమే. కాకపోతే ఆ బాధనుబట్టి రాష్ట్రమంతటికీ సూత్రం కట్టలేం.

ఇప్పుడు పెంచితే పనులు పోతాయనే పక్షం వాదన, దానికి దక్కవలసిన గౌరవం ఇచ్చి చెబుతాను. పెంపు భారం అందరి మీదా ఒకేలా పడదు. ఒక టిఫిను హోటల్లో ఖర్చులో నాలుగో వంతు జీతాలనుకుందాం. జీతాలు 20 శాతం పెరిగితే మొత్తం ఖర్చు 5 శాతం పెరుగుతుంది. 40 రూపాయల ఇడ్లీ ప్లేటు 42 అవుతుంది. వీధిలో ఉన్న హోటళ్లన్నిటికీ ఇదే రేటు వర్తిస్తే అందరూ రెండేసి రూపాయలు పెంచుతారు, ఇడ్లీ తినడానికి ఎవరూ హైదరాబాదు పోరు. అదే నూలు మిల్లు అయితే లెక్క మారుతుంది. అక్కడ జీతాలు ఖర్చులో పదో వంతే అనుకున్నా, 20 శాతం పెంపుకు ఖర్చు 2 శాతం పెరుగుతుంది. నూలు ధర మన మిల్లు యజమాని చేతిలో లేదు, కోయంబత్తూరు ఒకవైపు, విదేశీ మార్కెట్టు ఒకవైపు దాన్ని నిర్ణయిస్తాయి. ఆయనకు మిగిలేది 3 శాతమైతే అందులో మూడింట రెండు వంతులు పోతాయి. హంగరీలో 2001 తరువాత కనీస వేతనం ఒక్కసారిగా భారీగా పెంచినప్పుడు అచ్చం ఇదే కనిపించింది. భారంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ధరల రూపంలో కొనుగోలుదారులే మోశారు, ఉద్యోగాలు ఎక్కువగా పోయింది బయటి మార్కెట్లతో పోటీపడే పరిశ్రమల్లోనే. 2003లో దక్షిణాఫ్రికా పొలం కూలీలకు కనీస వేతనం పెట్టినప్పుడు రేట్లు పెరిగాయి కానీ వ్యవసాయ ఉపాధి గణనీయంగా తగ్గింది. కాబట్టి ఎంత పెంచినా ఏమీ కాదనేవాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఇద్దరు పనివాళ్లను పెట్టుకుని, ఆన్‌లైన్ అమ్మకాల దెబ్బకు బేరాలు పడిపోయిన బట్టల కొట్టు యజమానికి మిల్లు యజమాని పరిస్థితే ఉంది, హోటలు యజమాని పరిస్థితి లేదు.

అందుకే ఎన్నేళ్లకోసారి అన్న ప్రశ్న ముఖ్యమంటున్నాను. మూల వేతనాన్ని ఐదేళ్లు దాటకుండా సవరించాలని పాత చట్టమూ చెప్పింది, కొత్త కోడూ చెబుతోంది. ధరలకు తగ్గట్టు కరువు భత్యం మాత్రం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి సవరిస్తారు. కరువు భత్యం చేసేది ధరలు తినేసినదాన్ని తిరిగి ఇవ్వడమే. దేశం ఉత్పత్తి పెరిగినప్పుడు అందులో కూలికి వాటా రావాలంటే మూల వేతనం కదలాలి. అది కదలదు. ఐదేళ్ల గడువు దాటిపోతుంది, సలహా మండలి సమావేశం వాయిదా పడుతుంది, ముసాయిదా వస్తుంది, యజమానుల అభ్యంతరాలు వస్తాయి, ఫైలు మూతపడుతుంది. చివరకు ఒకేసారి పెద్ద పెంపు ప్రకటించాలంటే ఏ ప్రభుత్వానికైనా చేయి వణుకుతుంది, ప్రకటిస్తే చిన్న యజమాని నిజంగానే దెబ్బతింటాడు. అమెరికాలో కేంద్ర కనీస వేతనం 2009 జూలై నుంచి 7.25 డాలర్ల దగ్గరే నిలిచిపోయి, అక్కడి తగువంతా ఒకేసారి రెట్టింపు చేయాలా అన్న చోటికి చేరింది. బ్రిటన్ 1999లో 3.60 పౌండ్లతో కొత్తగా మొదలుపెట్టి, యజమానులు, కార్మికులు, ఆర్థికవేత్తలు కలిసి కూర్చునే కమిషన్ సిఫారసు మీద అంచెలంచెలుగా పెంచుకుంటూ వచ్చింది. లక్షల ఉద్యోగాలు పోతాయన్న జోస్యం అక్కడ ఫలించలేదు. ప్రతి ఏడూ కాస్త పెరుగుతుందని ముందే తెలిస్తే మన నూలు మిల్లు యజమాని కూడా దానికి తగ్గట్టు యంత్రం మార్చుకుంటాడు, పని నేర్పుకుంటాడు, ధర మాట్లాడుకుంటాడు.

మూడో సంగతి, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, పెంచినది చేతికి అందడం. సీజనులో మిరప కోతకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వలస వచ్చే రోజుల్లో, మనిషి కోసం రైతులు పోటీపడతారు కాబట్టి, చట్టంలోని రేటు ఎవరికీ గుర్తుకు రాదు, గుర్తుకు రావలసిన అవసరమూ ఉండదు. కోత అయిపోయాక సరుకు యార్డుకు, కోల్డ్ స్టోరేజీకి చేరుతుంది. అక్కడ తొడిమలు తీసే పని, తాలు కాయ ఏరే పని మొదలవుతుంది. ఆ పనికి కూలి రోజు లెక్కన ఉండదు, కిలో లెక్కన ఉంటుంది. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని, కుప్ప ముందు కూర్చుని, ఒక్కొక్క కాయకూ తొడిమ తుంచి పక్కన వేస్తారు. సాయంత్రం కాటా వేసి లెక్క కడతారు. తేజ రకం కాయ సన్నగా, తేలికగా ఉంటుంది. కిలోకు ఎక్కువ కాయలు తూగుతాయి, అన్ని తొడిమలూ తుంచాలి. లావు కాయకూ తేజకూ ఒకే కిలో రేటు కడితే తేజ కుప్ప ముందు కూర్చున్న మనిషి నష్టపోతుంది. లెక్క కోసం అనుకుందాం: కిలోకు 12 రూపాయలు. లావు కాయ రోజుకు 35 కిలోలు చేస్తే 420 వస్తుంది, తేజ 25 కిలోలే అయితే 300 వస్తుంది. రోజు కనీస వేతనం 400 అని ప్రభుత్వం ప్రకటించినా, 500కు పెంచినా, ఈ 300 కదలదు. కాటాకు చట్టం తెలియదు.

నిజానికి చట్టానికి కాటా తెలుసు. పీసు రేటు మీద పనిచేసేవాళ్లకు రోజు రేటే నిర్ణయమై ఉంటే, చేసిన సరుకు ఎంతైనా ఆ రోజు రేటుకు తగ్గకుండా ఇవ్వాలని 1948 చట్టం 17వ సెక్షనులోనే ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. డెబ్భై ఏళ్లుగా కాగితం మీద ఉన్న ఈ ఒక్క సెక్షను అమలైతే, మిర్చి గ్రేడింగులో, పొగాకు గ్రేడింగులో ఉన్న ఆడవాళ్లకు వచ్చే మేలు, అంకెను వంద రూపాయలు పెంచితే వచ్చే మేలుకంటే ఎక్కువ. దీన్ని అమలు చేయడం కష్టమని అధికారులు అంటారు. కష్టమే, కానీ అసాధ్యం కాదు. ప్రతి రకానికీ మధ్యస్థంగా పనిచేసే మనిషి ఎనిమిది గంటల్లో ఎన్ని కిలోలు తీయగలదో ఒకసారి కొలిచి, రోజు రేటును దానితో భాగించి, రకానికో కిలో రేటు యార్డు గోడ మీద రాయించవచ్చు. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) ఎత్తే హమాలీలకు సంఘం ఉంది కాబట్టి వాళ్ల రేట్లు ఎప్పటికప్పుడు కూర్చుని ఒప్పందం చేసుకుంటారు. పక్క షెడ్డులో కూర్చున్న ఆడవాళ్లకు ఆ బలం లేదు. నూట పదేళ్లకు ముందు లేసు పనివాళ్లకోసం బ్రిటన్ చట్టం చేసింది సరిగ్గా ఇలాంటి తేడాను చూసే.

నగరంలో ఇదే లోపం ఇంకో రూపంలో కనిపిస్తుంది. అపార్టుమెంటు వాచ్‌మన్, ఆసుపత్రిలో ఊడ్చే మనిషి, ఆఫీసు సెక్యూరిటీ గార్డు, వీళ్లంతా ఏజెన్సీ మనుషులు. ఏజెన్సీకి కట్టే బిల్లులో కనీస వేతనం ఉంటుంది, పన్నెండు గంటల డ్యూటీ చేసినవాడి చేతికి ఎనిమిది గంటల కూలి కూడా పూర్తిగా రాదు. బ్యాంకు ఖాతాలో పూర్తి జీతం వేసి, మరునాడు కొంత నగదుగా వెనక్కి తీసుకునే పద్ధతి ఉందని విననివాళ్లు ఈ హాల్లో ఉండరు. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉంది. అయినా అడిగిన మనిషి మరునాడు డ్యూటీలో ఉండడు కాబట్టి ఎవరూ అడగరు.

కొత్త కోడ్‌లో ఇందుకు పనికొచ్చే నిబంధనలు కొన్ని ఉన్నాయి, వాటిని చెప్పి ప్రశ్నలకు సమయమిస్తాను. పాత చట్టం కింద తక్కువ ఇచ్చిన కూలి కోసం ఆరు నెలల్లోగా దరఖాస్తు పెట్టుకోవలసి ఉండేది. ఇప్పుడు ఆ గడువు మూడేళ్లు. అంటే పని మానేసి, భయం తీరాక కూడా అడగవచ్చు. ఇవ్వలేదని కూలి రుజువు చేయనక్కరలేదు, ఇచ్చానని యజమానే రుజువు చేసుకోవాలి. వేతన చీటీ ఇవ్వడం తప్పనిసరి. ఐదుగురికి మించకుండా పొలం పనికో ఇంటిపనికో పెట్టుకున్నవాళ్లకు రిజిస్టర్లు, చీటీల బాధ లేదు, అయితే వాళ్లు కూడా అధికారి అడిగినప్పుడు కూలి ఇచ్చినట్టు తగిన ఆధారం చూపించాలి. రైతు మిత్రులు దీన్ని చూసి కంగారు పడనక్కరలేదు. పేరు, తేదీ, ఇచ్చిన డబ్బు ఒక నోటు పుస్తకంలో రాసి సంతకమో వేలిముద్రో పెట్టించుకుంటే ఆధారం తయారవుతుంది, ఫోనులో డబ్బు పంపేవాళ్లకు అదీ అక్కరలేదు.